ఒక జపాను పల్లె కథ



జపాను అనగా యంత్రములు, ఓడలు, భూకంపములు అని నేను బడిలో ఎన్నియో యేండ్లు పాఠము చెప్పితిని. అచ్చటి మనుష్యు లెట్లు బ్రతుకుదురో ఆ పాఠములో లేదు. దాని నెరుగుటకు పండితులు పట్టిన మార్గ మొకటి గలదు: ఒక్క పల్లెను ఎన్నుకొని, అందు కాపురముండి చూచుట.

అమెరికా దేశస్థుడగు జాన్ ఎంబ్రీ 1935వ సంవత్సరమున భార్యయగు ఎల్లాతో క్యూషూ ద్వీపమందలి సుయే గ్రామమునకు వచ్చి, సుమారొక యేడాది యుండెను. వరి పండించి పట్టుపురుగులను పెంచు గ్రామమది. ఆయన గ్రంథమును 1939లో చికాగో విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. దానిని చదువునపుడు మన కృష్ణా డెల్టా పల్లెయే కన్నులకు గట్టును. ఊడ్పులనాడు ఇరుగుపొరుగువారు కూలి పుచ్చుకొనక, నేడు నీ మడి, రేపు నా మడి యని నాటుకొనెడివారు. మనము బదులు పోవుట యనునది యిదియే. “కో” అను కూటములో తలకింత వేసికొని, మొత్తమును వంతుచొప్పున నొక్కొక్కరికి నిచ్చెడివారు. అది మన చీటీ గాక మరేమి? ఆపదలోనున్న పొరుగువాని నాదుకొనుటకే మొదలిడిన చీటీలును గలవు.

వరదకు కొట్టుకొనిపోయిన కొయ్యవంతెనను వాడవారందరు కలిసి కట్టి, పిదప విందు చేసికొనెడివారు. సర్కారు సిమెంటు వంతెన వచ్చిన చోట ఆ శ్రమ తప్పినది. దానితో ఆ కలయికయు సన్నగిల్లినదని ఎంబ్రీ గుర్తించెను.

ఆయనకు జపాను భాష అంతగా రాదు. ఎల్లా ఆ దేశమున పెరిగినది గనుక ధారాళముగా మాటాడును. స్త్రీలతో కూర్చుండి ఆమె వ్రాసికొన్న దినచర్య, రాబర్ట్ స్మిత్ అను పండితుని తోడ్పాటుతో 1982లో గాని గ్రంథముగా వెలువడలేదు. జపాను స్త్రీ నోరెత్తదని లోకప్రతీతి. ఆ పల్లె స్త్రీలన్ననో పొగ త్రాగుచు, పరిహాసములాడుచు, సరిపడని భర్తను తామే విడిచిపోవుచుండిరి. 43 ఏండ్లపాటు లోకము సగము గ్రామమునే చూచినదన్నమాట!

మన తెలుగునాటను ఎస్. సి. దూబే హైదరాబాదు చేరువనున్న శామీర్‌పేటను ఇట్లే పరిశీలించి, 1955లో గ్రంథము ప్రకటించెను. మన డెల్టా పల్లెల మాట యేమి? పంటకాలువ పూడికను ఊరందరు కలిసి తీసిన దినములు పెద్దలకు జ్ఞప్తియుండును. నేడు నాట్లు వేయు యంత్రమును వచ్చినది. దానిని నిందింప బనిలేదు. నడుము విరుగు పని తప్పినది. కాని బదులు ఎట్లు సాగెనో, ఎవరిని పిలిచిరో, ఎవరిని విడిచిరో మీ తరముతోనే మరుగుపడును. పెద్దలారా, ఒక నోటుపుస్తకములో వ్రాసి యుంచుడు. ఇంటి ఆడవారిని అడిగి మరీ వ్రాయుడు. సగము వారికే తెలియును.