ఇంటి మొక్కకు నీరెక్కువైతే ముప్పు

కడియం: కడియం, కడియపులంక నర్సరీల నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న మొక్కలు కొందరి ఇళ్లలో నెల తిరగకుండానే వాడిపోతుంటాయి. నీరు ఎక్కువై వేర్లు కుళ్లడమే తరచూ ఇందుకు కారణం.

కొత్తగా పెంచేవారు తక్కువ వెలుతురును తట్టుకునే మనీప్లాంట్‌, స్నేక్‌ ప్లాంట్‌లతో ప్రారంభించడం మేలు. అడుగున రంధ్రమున్న కుండీలో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్లలో నింపాలి. నేరుగా ఎండ తగలకుండా కిటికీకి చేరువలో ఉంచాలి. వేలిని అంగుళం లోతున దించి చూసి, మట్టి పొడిగా ఉంటేనే నీరు పోయాలి.

కుండీ కింది పళ్లెంలో నీరు నిలిస్తే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయి కనుక వారానికోసారైనా నీటిని పారబోసి, పళ్లెం రుద్ది కడగాలి. మనీప్లాంట్‌ ఆకులు నమిలితే నోరు మండి వాస్తుంది. పసిపిల్లలకు అందనంత ఎత్తులో ఉంచాలి.