ఈశ్వరి తీగ: ఉపయోగాలు, భద్రత

ఉద్దేశాలు
ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు ఈశ్వరి తీగ సంప్రదాయ ఉపయోగాలను, అది మూత్రపిండాలకు హాని చేసే విధానాన్ని వివరించగలుగుతారు.

1. పరిచయం
ఈశ్వరి (అరిస్టోలోకియా ఇండికా) పొదలను అల్లుకునే తీగ. దీనికి నల్లేశ్వరి అనే పేరు కూడా ఉంది. ఎండిన కాయ విచ్చుకున్నప్పుడు వేలాడే చిన్న ఉట్టిలా కనిపిస్తుంది. గాడిదగడపాకు కూడా ఈ ప్రజాతికి చెందినదే.

2. సంప్రదాయ ఉపయోగాలు
ఈశ్వరి వేరును పాముకాటుకు, జ్వరానికి, ఆకురసాన్ని దగ్గుకు నాటువైద్యంలో వాడుతూ వచ్చారు. గాడిదగడపాకును నులిపురుగులకు ఇస్తారు. ఈ మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం పాము విషంలోని ఒక ఎంజైమును ప్రయోగశాలలో అడ్డుకుంటుంది. అంతమాత్రాన అది మనిషి ప్రాణం కాపాడుతుందని చెప్పలేం. హాని కలిగించేదీ ఈ ఆమ్లమే.

3. హాని జరిగే విధానం
శరీరంలో ఈ ఆమ్లం మార్పు చెంది, మూత్రపిండ నాళికల కణాల్లోని డిఎన్ఎకు అతుక్కుంటుంది. కణాలు నశించి, ఆ చోట పీచు కణజాలం ఏర్పడుతుంది. మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా రావచ్చు. తొలిదశలో నొప్పి, వాపు ఉండకపోవచ్చు.

1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల గుళికలు వాడిన స్త్రీలలో చాలామందికి మూత్రపిండాలు పాడయ్యాయి. చైనా వైద్యంలో ‘ఫాంగ్ జి’ అనే పేరు ఒకటికి మించిన మొక్కలకు ఉంది. ఆ పేరు కారణంగా స్టెఫానియాకు బదులు అరిస్టోలోకియా వేరు గుళికల్లో చేరింది. బాల్కన్ దేశాల పల్లెల్లో ఇదే ప్రజాతి గింజలు గోధుమలలో కలిసి ఇలాంటి వ్యాధికే దారితీశాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ మొక్కలున్న మందులను మానవులకు క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది.

తరతరాలుగా వాడుతున్నారు కాబట్టి సురక్షితమనే వాదన ఇక్కడ నిలవదు. వెంటనే వాంతి తెప్పించే మొక్కను అనుభవం పసిగడుతుంది. ఏళ్ల తరువాత బయటపడే హానిని ఆ మందుతో ముడిపెట్టడం అనుభవానికి కష్టం.

4. ఉద్దానం సందర్భం
శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస తదితర మండలాలున్న ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉంది. దానికి కచ్చితమైన కారణం తేలలేదు. ఈశ్వరే కారణమనడానికి ఆధారం లేదు. కానీ మూత్రపిండాలు ఇప్పటికే బలహీనపడిన వారికి మరో విషం తోడైతే నష్టం పెరుగుతుంది.

5. జాగ్రత్తలు
• ఈశ్వరి, గాడిదగడపాకులను లోపలికి తీసుకోరాదు. గర్భిణులకు, పిల్లలకు అసలే ఇవ్వరాదు.
• కషాయం కాచినంత మాత్రాన విషం పోదు.
• పాముకాటుకు పసరు పోస్తూ కాలయాపన చేయక, విషవిరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లాలి.
• మూలికలు వాడినవారు ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఒక మూలిక సురక్షితమని చెప్పడానికి దీర్ఘకాల వాడుక మాత్రమే ఎందుకు చాలదు?
2. బెల్జియం ఉదంతంలో మొక్క పేరు పాత్ర ఏమిటి?