వ్రతభంగం చేయనిది ఔషధం
(దీర్ఘరోగులైన యాత్రికులకు ఒక విన్నపం)

“ఏకాదశి నాడు మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడుతుందా?” అని భక్తులు నన్ను తరచుగా అడుగుతుంటారు. వారిలో గుండె కవాటం మార్పించుకొన్నవారు, పక్షవాతం నుండి కోలుకొన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఉంటారు. వారిలో అనేకులు వాడే మాత్ర రక్తం గడ్డకట్టకుండా కాపాడేది. కనుక ఈ ప్రశ్న ప్రాణంతో ముడిపడినది.

శాస్త్రసమాధానం సుస్పష్టం. వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిది అని మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి చెప్పియున్నాడు. అవి నీరు, మూలం, ఫలం, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. ఇందులో మొదటిది నీరు, చివరిది ఔషధం. ఈ రెండింటినీ విడిచిపెట్టడమే నిష్ఠ అనుకొనే రోగికి శాస్త్రం తోడురాదు.

వైద్యం నా విద్య కాదు. అయినను భక్తులు తెలిసికొనదగినంత మేరకు ఇక్కడ వివరిస్తాను. సిరలలో రక్తం గడ్డకట్టడానికి వైద్యులు మూడు కారణాలు చెబుతారు. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో అవి ప్రసిద్ధములు. మొదటిది రక్తప్రవాహం మందగించడం, రెండవది నాళపు గోడ దెబ్బతినడం, మూడవది రక్తపు గుణమే మారడం. పక్షవాతంతో మంచాన ఉన్నవారికి, గుండె బలహీనపడినవారికి ప్రవాహం మందగిస్తుంది. శస్త్రచికిత్స వల్ల నాళాలు దెబ్బతినవచ్చును. క్యాన్సర్, లూపస్, మూత్రంలో మాంసకృత్తులు అధికంగా పోయే మూత్రపిండ వ్యాధి మొదలైన వాటిలో రక్తానికి గడ్డకట్టే గుణం హెచ్చుతుంది.

దీర్ఘరోగికి యాత్ర తోడైతే ఏమగును? పాదాలలోని రక్తం పైకి ఎక్కి గుండెను చేరవలెను. పిక్కల కండరాలు ముడుచుకొన్నప్పుడల్లా దానిని పైకి నెడతాయి. బస్సులోనో, రైలులోనో, దర్శనపు క్యూ కంపార్ట్‌మెంటులోనో గంటల తరబడి కదలక కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది. నాలుగు గంటలకు మించిన ప్రయాణం తరువాత ఈ ముప్పు సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. ఆరోగ్యవంతునికి అది స్వల్పమే. ముందే ముప్పు ఉన్నవారికి మాత్రం స్వల్పం కాదు. పిక్కలో ఏర్పడిన గడ్డ ఊడి ఊపిరితిత్తులను చేరితే ప్రాణాంతకం.

కనుక యాత్రకు బయలుదేరే దీర్ఘరోగులు ఈ నియమాలు పాటించండి.

వైద్యుడు చెప్పక మాత్ర మానరాదు. ఒక పూట మరచితే మరుపూట రెండు వేసుకొనరాదు, వైద్యుని అడగండి.

వార్ఫరిన్, అసెనోకుమరోల్ వంటి మందులు వాడేవారు దీక్షాకాలంలో ఆకుకూరలను ఒక్కసారిగా పెంచరాదు, మానరాదు. వాటిలోని కె విటమిన్ ఆ మందు పనిని మారుస్తుంది. నిత్యం ఒకే పరిమాణంలో తినడం మేలు. పసరు మందులు కూడా వైద్యునికి చెప్పకుండా వాడరాదు.

కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేటప్పుడు, “నేను రక్తం పలుచబరిచే మందు వాడుతున్నాను” అని క్షురకునికి ముందే చెప్పండి. చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగదు.

ప్రయాణంలో గంటకొకసారి లేచి నడవండి. లేవలేకపోతే కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించుతూ, పాదాలు ఆడించండి. నీరు త్రాగండి. గుండె, మూత్రపిండ రోగులు వైద్యుడు విధించిన కొలత దాటరాదు.

“ఆపరేషన్ గట్టెక్కితే కొండకు వస్తాను” అని మొక్కుకొన్నవారు అనేకులు. పెద్ద శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాల నుండి మూడు నెలల వరకు ఈ ముప్పు అధికం. వైద్యుడు అనుమతించిన తరువాతనే బయలుదేరండి. ఆలస్యమైన మొక్కును స్వామి కాదనడు.

ఒక కాలు మాత్రమే వాచడం, పిక్క నొప్పి, ఎర్రబారి వేడిగా ఉండడం గడ్డకు సూచనలు. ఆ కాలికి తైలమర్దనం చేయరాదు. వెంటనే వైద్యునికి చూపించండి. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయించండి. దర్శనం వంతు వచ్చినదని ఆగరాదు.

క్యూలలో జలదానం చేయించే దాతలకు నా మనవి ఒకటి. మీరిచ్చే నీరు కేవలం దాహం తీర్చదు, ఇట్టివారిని కాపాడుతుంది కూడా. నీటితోపాటు “కాసేపు లేచి నిలబడండి” అనే మాట కూడా చెప్పించండి. అదియు సేవయే.

శుభం భూయాత్.