స్టెప్నీ మీద పుట్టిన తేదీ

మన రోడ్ల మీద ఇన్ని పొట్టి ఎస్‌యూవీలు ఎందుకు తిరుగుతున్నాయో తెలుసా? ఇరుకు వీధులు కారణం కాదు, పన్ను! 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని ఇంజిన్ ఉన్న కార్లకు 2006 బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకం తగ్గించారు. అందుకే ఫోర్డ్ ఎకోస్పోర్ట్ పొడవు కంపెనీ కాగితాల్లో 3999 మిల్లీమీటర్లు. అదే బండి 1.5 పెట్రోల్ ఇంజిన్‌తో వచ్చినప్పుడు మాత్రం రాయితీ దక్కలేదు.

కంపెనీ అమెరికాదే అయినా ఎకోస్పోర్ట్ పుట్టిల్లు బ్రెజిల్. అక్కడ 2003లో మొదలై, రెండో తరంతో 2013లో మనకొచ్చింది. చెన్నై పక్కన మరైమలై నగర్‌లో తయారైన ఈ బండ్లు తర్వాత అమెరికాకూ ఓడెక్కాయి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ ఉత్పత్తి ఆపేస్తున్నామని ప్రకటించింది. బండి గట్టిదే, షోరూం లేదు. సెకండ్ హ్యాండ్‌లో అది చవగ్గా దొరకడానికి ఇదీ ఒక కారణం.

ఇందులో 1.0 లీటరు ఎకోబూస్ట్ పెట్రోల్ ఇంజిన్ ఓ చిత్రం. మూడే సిలిండర్లు, ఇంజిన్ బ్లాకు నిలబడడానికి ఏ4 కాగితమంత చోటు చాలు. 2012 నుంచి వరసగా మూడేళ్లు ‘ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్’ బహుమతి కొట్టింది. అయితే దీని టైమింగ్ బెల్ట్ బయట పొడిగా ఉండదు, ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. తప్పు గ్రేడు ఆయిల్ పోసినా, మార్చకుండా నెట్టుకొచ్చినా రబ్బరు పొట్టు రాలుతుంది. ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే పైకి ఆయిల్ ఎక్కదు, ఇంజిన్ పట్టేస్తుంది. యూరప్‌లో ఫోర్డ్ ఈ బెల్ట్‌కు పెట్టిన గడువు పదేళ్లు లేదా 2,40,000 కిలోమీటర్లు. 2013 బండికి ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. అమ్మేవాడు ‘ఇంజిన్ సూపర్ సార్’ అంటే ముందు బెల్ట్ మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించాల్సిందే!

బెల్ట్‌తో పాటు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా అడగండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. బండి కదలకుండా షెడ్డులో ఉన్నా సరే. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి.

వరదలో మునిగిన కారుకు సీట్లు కడిగి, సెంటు కొట్టి అమ్మకానికి నిలబెడతారు. 2024లో బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తాక ఈ భయం మనకూ దగ్గరైంది. సీటు బెల్టును ఆఖరిదాకా బయటికి లాగి చూడండి. చుట్టలో దాగిన ఆ కొసన బురద చార కనిపిస్తే, ఎంత చవకైనా వదిలేయండి.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆంక్షలు పెట్టాక, అక్కడి కార్లు దక్షిణాదికి చవగ్గా వస్తున్నాయి. ధర చూసి మురిసిపోకండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఎక్కడి కారైనా, కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టాలి.

కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పినవాడు టైర్లను మరిచిపోతాడు. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఎకోస్పోర్ట్ వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ చాలా బండ్లలో పుట్టినప్పటిదే. దాని అంకెలూ, నేల మీది నాలుగింటి అంకెలూ పక్కపక్కన రాసుకోండి. మీటరు ముప్పై వేలు చూపిస్తుంటే, నాలుగు టైర్లూ ఈమధ్యే మార్చినవైతే, ఎందుకు మార్చారని అడగండి.