కంప్యూటరు పాత అమరికలను మరల తెచ్చుకొనుట

రేడియో సెట్టు గల ప్రతి ఇంటను ఒక సంగతి అనుభవమే. ముల్లు ఎచ్చట నిలిపిన మన కేంద్రము స్పష్టముగా వినబడునో ఇంటివారికి తెలిసియుండును. పిల్లవాడెవడో వచ్చి మరలను అటునిటు త్రిప్పిపోయినచో పాట రాదు. సెట్టు చెడలేదు, ఏరియలు తెగలేదు. చెడినది అమరిక మాత్రమే. కంప్యూటరునకును తరచు కలుగు జబ్బు ఇట్టిదే. అయితే రేడియోకు మరలు మూడో నాలుగో. కంప్యూటరులోని అమరికలు లక్షలలో ఉండును.

విండోస్ యంత్రములలో ఈ అమరికలు రిజిస్ట్రీ అను పద్దుల పుస్తకములో ఉండును. ఏ ప్రింటరు తగిలించినాము, తెలుగు టైపు చేయుటకు ఏ మీటల వరుస కోరినాము, యంత్రము లేవగానే ఏయే పనులు మొదలిడవలెను అన్నవన్నియు అందు వ్రాసియుండును. 1995లో వచ్చిన విండోస్ 95లో ఇది ముఖ్యముగా రెండు ఫైళ్లు: సిస్టమ్.డాట్, యూజర్.డాట్. యంత్రము సరిగా లేచినపుడెల్ల వీని నకలు ప్రక్కన దాచబడెడిది. విండోస్ 98 రోజునకొకటి చొప్పున ఐదు నకళ్లు నిలువచేసెడిది. డాస్ తెరపై స్కాన్‌రెగ్ అను ఆజ్ఞనిచ్చి, తేదీలు చూచి, కావలసిన దానిని ఎన్నుకొనిన చాలును. ఆ సదుపాయమును మేము నేటికిని మెచ్చుకొందుము.

2001 నాటి ఎక్స్‌పీ మొదలు నేటి విండోస్ 11 వరకు ముఖ్యమైన పద్దులు సిస్టమ్32 లోపలి కాన్ఫిగ్ అను ఫోల్డరులో, సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అను ఐదు ఫైళ్లుగా ఉన్నవి. ఎవరి సొంత అమరికలు వారి ఫోల్డరులోనే వేరుగా ఉండును. కాన్ఫిగ్ లోపలనే రెగ్‌బ్యాక్ అను మరియొక ఫోల్డరు కలదు. పూర్వము ఈ ఐదింటి నకళ్లు అప్పుడప్పుడు దానంతట అవే అందులోనికి చేరెడివి. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1803వ కూర్పు నుండి, డిస్కుపై చోటు మిగుల్చుటకై, ఆ ఏర్పాటు నిలిపివేయబడినది. చిక్కేమనగా ఫైళ్ల పేర్లు మాత్రము అక్కడ కనబడుచునే యుండును. లోపల ఏమియు ఉండదు, పరిమాణము సున్న.

మాకు తెలిసిన ఒక బియ్యపు కొట్టులో జరిగినదిదే. యంత్రమును శుభ్రపరచునను పేరుతో ఏదో ప్రోగ్రామును నడుపగా, బిల్లులు వ్రాయు ప్రోగ్రాము తన అమరికలను పోగొట్టుకొన్నది. షావుకారుగారి అబ్బాయి ఎక్కడనో పాత సలహా చదివి, రెగ్‌బ్యాక్ ఫైళ్లను కాన్ఫిగ్‌లోనికి నకలు చేసినాడు. ఖాళీ ఫైళ్లు అసలు పద్దుల స్థానమున కూర్చున్నవి. అంతవరకు బిల్లు మాత్రమే రాకుండెను. ఇప్పుడు యంత్రమే లేవలేదు. అదృష్టవశమున ఆ అబ్బాయి అసలు ఫైళ్లను చెరిపివేయక పేరు మార్చియుంచినాడు. వానిని వెనుకటి పేర్లతో నిలుపగానే యంత్రము లేచినది.

బిల్లుల సంగతి మిగిలినది. దీపావళికి ముందు డిస్కు మొత్తమును వేరొక డిస్కుపైకి నకలు తీసియుంచినారు. పాత పద్దుల పుస్తకమును అట్లే తెచ్చి కూర్చుండబెట్టరాదా యని అడుగవచ్చును. దీపావళి తరువాత చేరిన ప్రోగ్రాములను ఆ పుస్తకము ఎరుగదు. ఫైళ్లొకటి చెప్పును, పద్దులొకటి చెప్పును. శామ్ ఫైలును కూడ వెనుకటిది పెట్టినచో సంకేతపదము సైతము పాతదే తిరిగివచ్చును. దానిని మరచినవారు తమ ఇంటి వాకిటనే నిలిచిపోవలసినదే.

కావున కావలసిన పుట మాత్రము తెచ్చుకొనుట మేలు. పాత సాఫ్ట్‌వేర్ ఫైలు నకలును వేరొక ఫోల్డరులో ఉంచి, రెగెడిట్ తెరచి, హెచ్‌కీ లోకల్ మెషీన్‌ను ఎన్నుకొని, ఫైల్ పట్టికలోని లోడ్ హైవ్ ద్వారా దానిని తెరువవలెను. 'పాతది' యని ఒక తాత్కాలిక నామమిడవచ్చును. బిల్లుల ప్రోగ్రాము పద్దును వెదకి ఎగుమతి చేసి, వచ్చిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరచి, 'పాతది' యన్న చోటులన్నిట సాఫ్ట్‌వేర్ యని దిద్దవలెను. దిద్దుట మరచినచో పద్దు తప్పుడు చోటికి పోవును. ప్రస్తుతపు పద్దును ముందుగా ఎగుమతి చేసి దాచి, పిమ్మట దిద్దిన ఫైలును కలుపవలెను. తుదకు అన్‌లోడ్ హైవ్ చేయనిదే పాత ఫైలు విడువబడదు.

సిస్టమ్ ఫైలునుండి తెచ్చునపుడు ఒక మెలిక గలదు. నడుచుచున్న యంత్రములో కనబడు కరెంట్ కంట్రోల్ సెట్ అనునది పాత ఫైలులో ఉండదు. అది యంత్రము లేచినపుడు ఏర్పడు దారి మాత్రమే. అందు కంట్రోల్ సెట్ 001 వంటివి ఉండును. ఏది వాడుకలో నుండెనో సెలెక్ట్ అను పద్దులోని కరెంట్ అంకె తెలుపును.

కొట్టులో ఆ సాయంకాలమే బిల్లు వెలువడినది. కాని ఆ ప్రోగ్రాము తన క్రమసంఖ్యను కూడ అమరికలలోనే దాచుకొనునట. మొదటి బిల్లు దీపావళి ముందటి అంకెతో వచ్చినది. షావుకారుగారు కళ్లజోడు సవరించుకొని, చిట్టా తీసి, ఆ రోజు బిల్లులన్నిటిపైన అంకెలను చేతితో దిద్దినారు.