వాగు లెక్క పిల్లల చేతికి

కాలువ నీళ్లు అందని పల్నాడు ఊళ్లకు వానా, వాగూ, బోరే దిక్కు. ఆ వాగును కనిపెట్టుకుని ఉండే పని బడిపిల్లలు చేయగలరు.

నల్లమలలో పుట్టిన చంద్రవంక మాచర్ల చెన్నకేశవస్వామి గుడి పక్కగా పారి, ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల ఎత్తు నుంచి దూకి కృష్ణలో కలుస్తుంది. నాగులేరు కారంపూడి, దాచేపల్లి మీదుగా అదే కృష్ణను చేరుతుంది. 1967లో నీళ్లొదిలిన నాగార్జునసాగర్ కుడి కాలువతో పల్నాడులో చాలా పొలాలు పచ్చబడ్డాయి. మెట్ట ఊళ్ల బతుకు మాత్రం ఇప్పటికీ ఈ చిన్న ఏర్లతోనే ముడిపడి ఉంది.

వాగుకు వచ్చే చేటు ఒడ్డున మొదలవ్వాలని లేదు. ఎక్కడో గుట్ట మీద చెట్లు కొట్టేస్తే మట్టి కొట్టుకొచ్చి మడుగులు పూడిపోతాయి. ఊరి మురుగు కలిస్తే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. సున్నం కొట్టుకొస్తే క్షారం పెరుగుతుంది. వాన నీరు ఏయే నేలల మీదుగా వాగులోకి దిగుతుందో ఆ నేలంతా దాని పరీవాహక ప్రాంతమే. కాపాడాల్సింది దాన్నంతటినీ.

బడిలోనే బలగం

ఇందుకు కొత్త సంఘం పెట్టనక్కర్లేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2001లో మొదలుపెట్టిన నేషనల్ గ్రీన్ కోర్ కింద బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. వాననూ నీటినీ విద్యార్థులే కొలిచి శాస్త్రవేత్తలకు అందించే ‘గ్లోబ్’ కార్యక్రమం 1995 నుంచి దేశదేశాల్లో నడుస్తోంది. భారత్ అందులో 2000లో చేరింది.

కొలత కష్టమేమీ కాదు. వాగు మోకాలి లోతుకు తగ్గాక, మాస్టారు పక్కనుండగా, ఒడ్డు వెంట పది మీటర్లు తాడుతో కొలవాలి. పై గుర్తు దగ్గర తేలే కాయ ఒకటి వదిలి కింది గుర్తు చేరేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. ఇరవై సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు అర మీటరు. వెడల్పు రెండు మీటర్లు, సగటు లోతు 30 సెంటీమీటర్లు అయితే, అడుగున నెమ్మదించే నీటికి తగ్గింపు వేసుకున్నాక, సెకనుకు సుమారు 255 లీటర్లు పారుతున్నట్టు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసేయగల లెక్కే ఇది.

తర్వాత నీళ్లలోని ఓ రాయి తిప్పి చూడాలి. మురుగును ఓర్చుకోలేని పురుగులు అక్కడ బతుకుతుంటే వాగు ఇంకా బాగున్నట్టే. ఎర్రని సన్నపురుగులే కుప్పలుగా కనిపిస్తే మురుగు చేరిందని అనుమానించాలి.

రైతులు చేసి చూపించారు

2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో, పొరుగున ఉన్న ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల్లోని 638 గ్రామాల రైతులు వాననూ బోర్ల నీటిమట్టాన్నీ స్వయంగా కొలిచారు. ఆ అంకెలు ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని నీటి లెక్క వేసుకున్నారు. చాలా చోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఎవరూ ఆంక్ష పెట్టలేదు, తమ చేత్తో రాసుకున్న అంకెలనే నమ్మారు.

పిల్లలు కొలవడానికి చంద్రవంక మీద మూడు చోట్లు చాలు: మాచర్లకు ఎగువన ఒకటి, ఊరు దాటాక ఒకటి, ఎత్తిపోతలకు ముందు ఒకటి. నెలనెలా ఒకే తేదీన కొలిచి రిజిస్టరులో రాస్తే నీరు ఎక్కడ చెడుతోందో అంకెల్లోనే తేలిపోతుంది. పదో తరగతి దాటిన పిల్లలు ఆ రిజిస్టరును తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పగించాలి. దాన్ని గ్రామసభలో చదివించి, అధికారుల నుంచి జవాబు రాబట్టే బాధ్యతను ప్రధానోపాధ్యాయులూ, సర్పంచులూ ఈ వానాకాలం నుంచే తీసుకోవాలి.