ఉట్టి వలె వ్రేలాడు లోకప్పు

1895వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ఫాగ్ కళాప్రదర్శనశాలలో నూతనముగా నిర్మించిన ఉపన్యాసమందిరమున, వక్త పలికిన యొక్కొక్క మాట అయిదున్నర సెకండ్లపాటు గోడలకును కప్పునకును తాకి తిరుగాడుచు, వెనువెంట వచ్చు మాటలతో కలగాపులగమగుటచే, శ్రోతల కేమియు బోధపడకుండెను. ఈ దోషమును తీర్చు భారము వాలెస్ క్లెమెంట్ సేబిన్ అను ఇరువదియేడేండ్ల భౌతికశాస్త్రాధ్యాపకునిపై పడెను.

పగటి సందడి యణగిన రాత్రివేళ, సమీపమునందలి శాండర్స్ థియేటరునుండి ఆసనముల మెత్తలను మోయించి తెచ్చి పఱచి, సెకండునకు 512 కంపనములుగల ఆర్గాను గొట్టమును మ్రోగించి, ఆ నాదము చెవికి పూర్తిగా అణగువఱకు పట్టు కాలమును కొలిచి, తెల్లవారకముందే మెత్తలను యథాస్థానమునకు చేర్చుట ఆతనికి నిత్యకృత్యమయ్యెను. మెత్తలన్నియు పఱచినపుడు అయిదున్నర సెకండ్ల మ్రోత 1.14 సెకండ్లకు దిగెను. గది ఘనపరిమాణము పెరిగినకొలది మ్రోత పెరుగుననియు, శబ్దమును శోషించు వస్తువులు పెరిగినకొలది తరుగుననియు తెలుపు సూత్రము 1898లో అతనికి గోచరించెను. 1900లో ద్వారములు తెరచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ సూత్రము నాధారముగా గొని వెలసినదే.

అయితే మెత్త మ్రోతను మ్రింగును గాని దారిని మూయజాలదు. ఇంటిలో సంగీతమునకై స్టూడియో నమర్చుకొనువారు పలువురు ఈ భేదము నెఱుగక, కప్పునకు ఫోము పలకల నంటించి, గదిలోని మ్రోత తగ్గుట చూచి సంతసించి, తీరా డ్రమ్ములు వాయించినపుడు పై యంతస్తువారు వచ్చి తలుపు తట్టగా ఖిన్నులగుదురు. గాలి చొరగల తేలిక వస్తువు తనలో చొచ్చిన తరంగముల నలయజేయును. అవతలికి పోవు తరంగముల నాపుటకు బరువును, ఎడమును, బిగువును కావలెను.

ఇట్టి ప్రశ్నలను శోధించుటకై ఇల్లినాయిస్ రాష్ట్రమునందలి జెనీవాలో జార్జి ఫేబియన్ అను ధనికుడు సేబిన్ కొఱకు రివర్‌బ్యాంక్ ప్రయోగశాలను కట్టించెను. కాని 1919 జనవరిలో ఏబదియేండ్లకే సేబిన్ గతించుటచే, ఆ పని అతని జ్ఞాతియగు పాల్ సేబిన్ చేతికి వచ్చెను. గోడలును కప్పులును ఎంత శబ్దమును నిరోధించునో కొలిచి చెప్పుట ఆ శాలకు ముఖ్యవృత్తి యయ్యెను.

పలక బరువు రెట్టింపైనప్పుడెల్ల అది యాపు శబ్దము సుమారు 6 డెసిబెల్లులు హెచ్చును. కాని స్లాబు బరువును ఎన్నిమార్లు రెట్టింపగలము? కావున పనివారు, పాలకుండను ఉట్టిపై నుంచినట్లు, స్లాబునుండి రబ్బరు పొదిగిన కొక్కెముల నమర్చి, వానికి ఇనుపరేకు పట్టీల తగిలించి, ఆ పట్టీలకు రెండు వరుసల జిప్సం బోర్డులను బిగించి, నడిమి యెడములో రాక్ వూలు పఱచి, గోడను తాకకుండ చుట్టును విడిచిన సన్నని సందును ఎన్నటికిని గట్టిపడని మైనము వంటి పూతతో మూయుదురు. కదలిక రబ్బరునందే యిగిరిపోవును. గాలి యెడము మెత్తని స్ప్రింగువలె పనిచేయును. ఇంత చేసియు, ఒక్క పొడుగు మర బోర్డును దాటి స్లాబును గ్రుచ్చెనేని, లేక దీపమునకై కోసిన రంధ్రము మూయక విడిచిరేని, శబ్దము ఆ దారినే పట్టుకొని పోవును.

కావున స్టూడియో కట్టదలచినవారు ఫోము కొనుటకు ముందు, తాము అణచదలచినది లోపలి మ్రోతయో, మూయదలచినది శబ్దము పోవు దారియో నిర్ణయించుకొనవలెను. మొదటిదానికి మెత్త చాలును. రెండవదానికి ఉట్టి కట్టవలెను.